తెలియనిది కూడా చెప్పండి: వాతావరణ, విపత్తు నిర్వహణ అధికారులకు ఒక బహిరంగ లేఖ

వాతావరణ, విపత్తు నిర్వహణ, వ్యవసాయ శాఖల అధికారులకు, శాస్త్రవేత్తలకు, ఆ సమాచారాన్ని మా ఊళ్ల దాకా తెచ్చే చానెళ్ల, పత్రికల సంపాదకులకు,

నమస్కారం.

నేను దివిసీమలో పుట్టి పెరిగినవాడిని. ముప్పై ఏళ్లకు పైగా హైస్కూల్లో ఫిజికల్ సైన్స్ చెప్పి ఈ మధ్యే రిటైరయ్యాను. రెండెకరాల మాగాణి ఉంది, సొంతంగానే చేసుకుంటున్నాను. ఈ లేఖలో ఉన్నదంతా ముందు అర్జీగానే రాశాను. ఏడాదిన్నరలో మూడుసార్లు సోమవారం గ్రీవెన్స్‌లో ఇచ్చాను. మొదటిసారి రసీదు ఇచ్చారు. రెండోసారి సంబంధిత శాఖకు పంపామన్నారు. మూడోసారి నా ఫోన్‌కు ‘మీ అర్జీ పరిష్కారమైంది’ అని మెసేజ్ వచ్చింది. నన్ను ఎవరూ పిలవలేదు, ఒక్క మాట అడగలేదు. ఏం పరిష్కరించారో నాకు ఇప్పటికీ తెలియదు. అందుకే అందరూ చదివేలా రాస్తున్నాను.

నేను అడిగింది ఒక్కటే. వాన వస్తుందనో రాదనో, తుపాను ఫలానా చోట తీరం దాటుతుందనో చెప్పేటప్పుడు, ఆ మాట మీద మీకే ఎంత నమ్మకం ఉందో కూడా చెప్పండి. ఎంతవరకు తెలుసు, ఎక్కడి నుంచి తెలియదు అనేది మాకు దాచకండి.

మీ పని మీద గౌరవం లేక అడగడం లేదు. ఆ పని విలువ మా సీమవాళ్లకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదేమో. 1977 నవంబరు 19, శనివారం. నాకు అప్పుడు పద్నాలుగేళ్లు. పొద్దుటి నుంచీ గాలి హోరుమంటోంది. బయటికి ఎటైనా వెళ్దామా అని మా నాన్న అడిగితే మా తాత ఒప్పుకోలేదు. ‘గాలివాన మనకి కొత్తా? కప్పు లేచిపోతే మళ్లీ తాటాకు కప్పుకుంటాం. సముద్రం ఇంత దూరం ఎన్నడూ రాలేదు’ అన్నాడు. ఆయనకు అప్పటికి డెబ్బై దాటాయి. ఎన్నో తుపానులు చూసిన మనిషి. ఆ మాట అన్నది మధ్యాహ్నం. చీకటి పడ్డాక ఉప్పెన వచ్చింది. మా తాత, మా చిన్న చెల్లి ఆ రాత్రే పోయారు. ఆ ఒక్క తుపానులో చనిపోయినవాళ్లు ప్రభుత్వ లెక్క ప్రకారమే దాదాపు పది వేల మంది.

చాలా ఏళ్ల తర్వాత, పిల్లలకు పాఠం చెప్పడానికి పుస్తకాలు తిరగేస్తుంటే ఒక విషయం కంటబడింది. 1864 నవంబరు 1న బందరును ఉప్పెన ముంచింది. ముప్పై వేల మంది దాకా పోయారని అప్పటి లెక్కలు. మా ఊరి నుంచి బందరు గంట ప్రయాణం. అంటే సముద్రం రావడం ఎరగనిదేమీ కాదు. మా తాతకు తెలియదు గానీ ఆయన తాతకు తెలిసే ఉంటుంది. మధ్యలో నూట పదమూడేళ్లు గడిచాయి, ఆ తెలివిడి ఎక్కడో జారిపోయింది. ‘ఎన్నడూ రాలేదు’ అని మా తాత అన్నది నిజానికి ‘నేను చూడలేదు’ అని. ఈ రెండు మాటల మధ్య ఎంత దూరం ఉందో ఆ రాత్రి నాకు అర్థమైంది. సైన్సు చదవాలని పట్టుబట్టింది కూడా అందుకే.

ఇంకో సంగతి. ఆ తుపాను తీరం దాటింది చీరాల దగ్గర. ఉప్పెన ఘోరంగా విరుచుకుపడింది దివిసీమ మీద. మ్యాపు మీద గీత గీసి కొలిస్తే ఈ రెంటికీ మధ్య అరవై కిలోమీటర్ల పైచిలుకే. మన వైపు తుపాను గాలి గడియారం ముల్లుకు ఎదురుగా తిరుగుతుంది కాబట్టి, అది వచ్చే దారికి కుడి పక్కన ఉన్న తీరం మీదికే సముద్రాన్ని తోస్తుంది. ఈ ముక్క మా ఊళ్లో ఒక్కరికీ తెలియదు. ఇప్పటికీ ఎంతమందికి తెలుసు?

అప్పటికీ ఇప్పటికీ పోలికే లేదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖ మీదికి వచ్చినప్పుడు నాలుగైదు రోజుల ముందే ఉత్తరాంధ్ర, దక్షిణ ఒడిశా తీరమని చెప్పారు. జనాన్ని లక్షల్లో తరలించారు. అంత పెద్ద నగరాన్ని ఊపేసినా రాష్ట్రంలో చనిపోయినవాళ్లు వందలోపే. ఇరవై ఏళ్ల కిందట ఒక రోజు ముందు వేసే తుపాను దారి అంచనాలో సగటున నూట యాభై కిలోమీటర్ల దాకా తేడా వచ్చేది. ఇప్పుడది వందలోపుకు దిగింది. ఇది మీ కష్టం. మా సీమ తరఫున చేతులెత్తి నమస్కరిస్తాను.

కానీ వంద కిలోమీటర్లంటే చీరాలకూ దివిసీమకూ మధ్య ఉన్న దూరం కన్నా ఎక్కువే. ఆ తేడా ఉందని మాకు చెప్పాలా వద్దా?

ఇప్పుడు నా బాధకు కారణమైన సంగతి చెబుతాను. మా పక్క చేను కౌలుకు చేసే కుర్రాడు నా దగ్గర చదువుకున్నవాడే. ఐదెకరాలు. కోతల కాలంలో ఒక సాయంత్రం ఇంటికి వచ్చి, ‘మాస్టారూ, ఫోన్లో నాలుగు రోజులు పొడి వాతావరణమే అన్నారు, కోయించెయ్యనా?’ అని అడిగాడు. కోయించమన్నాను. కూలీలను పెట్టి కోయించాడు. పనలు చేలో ఆరుతున్నాయి. మూడో రాత్రి వాన పట్టుకుంది. రెండు రోజులు తెరిపి లేదు. పనలు నీళ్లలో నాని, కంకుల మీదే గింజ మొలకెత్తింది. బరకాలు కప్పడానికి కుప్ప వేసి ఉంటే కదా!

వాడు నన్ను తప్పుపట్టలేదు. ‘వాళ్లకి సరిగ్గా తెలియదని ఒక్క ముక్క చెప్పుంటే రెండు రోజులు ఆగేవాణ్ని కదా మాస్టారూ, లేకపోతే మిషన్ పెట్టి ఒక్కపూటలో పని కానిచ్చేవాణ్ని’ అన్నాడు. అంతే అన్నాడు.

తర్వాత నేను ఆ రోజు నాటి అసలు బులెటిన్ వెతికి చదివాను. ఇంగ్లీషులో ఉంది. అందులో మొదటి రెండు రోజులు పొడిగా ఉంటుందని, ఆ తర్వాత ఒకటి రెండు చోట్ల వానకు అవకాశం ఉందని, అల్పపీడనం ఎటు కదిలేదీ ఇంకా స్పష్టత లేదని రాశారు. అంటే తెలియదన్న మాట రాసిన మనిషి నిజాయతీగానే రాశాడు. అది జిల్లాకు వచ్చేసరికి సగం పోయింది. తెలుగులోకి మార్చేటప్పుడు ఇంకొంత పోయింది. ఫోన్ మెసేజ్ అయ్యేసరికి ‘నాలుగు రోజులు పొడి వాతావరణం’ మాత్రమే మిగిలింది. ఏ ఆఫీసు, ఏ చానెల్ అని ఇక్కడ రాయను. ఒకరి మీద నేరం మోపడం నా ఉద్దేశం కాదు. గింజలో పొట్టు తీసేసినట్టు ప్రతి చేతిలోనూ ‘తెలియదు’ అన్న మాటను తీసేస్తున్నారు. ఆ మాటే మాకు గింజ.

నైరుతి రుతుపవనాల సంగతే చూడండి. కేరళ తీరానికి ఫలానా తేదీన వస్తాయని వాతావరణ శాఖ చెప్పేటప్పుడు ‘నాలుగు రోజులు అటూ ఇటూ’ అని తప్పకుండా చెబుతుంది. మరుసటి రోజు పేపర్లో తేదీ పెద్దక్షరాల్లో ఉంటుంది, నాలుగు రోజుల మాట ఉండదు.

‘వాన రాకడ, ప్రాణం పోకడ ఎవరికి ఎరుక’ అని మన పెద్దవాళ్లు అనేవారు. దాన్ని చేతగాని మాటగా చూడటం నాకు నచ్చదు. కార్తెలు లెక్కపెట్టుకుని, ఈశాన్యాన మెరుపు చూసి, గాలి మళ్లిన వైపు చూసి దుక్కి దున్నినవాళ్లు అన్న మాట అది. తమకు తెలిసినదంతా వాడుకున్నాక, ఆ పైన తెలియదని ఒప్పుకున్నారు. సైన్సు కూడా చివరికి అక్కడికే వచ్చింది, కాకపోతే ఎందుకు తెలియదో లెక్కతో సహా చూపించింది.

1814లో లాప్లాస్ అనే ఫ్రెంచి గణిత శాస్త్రవేత్త ఒక ఊహ చేశాడు. లోకంలో ప్రతి రేణువూ ఎక్కడుందో, ఎటు కదులుతోందో తెలిసిన బుద్ధి ఒకటి ఉంటే, దానికి జరగబోయేదంతా కళ్లకు కట్టినట్టే ఉంటుందని. చాలాకాలం అందరూ, జరగబోయేది చెప్పలేకపోవడం మన దగ్గర కొలతలు, లెక్కగట్టే యంత్రాలు లేకపోవడం వల్ల వచ్చిన ఇబ్బంది మాత్రమే అనుకున్నారు. 1961లో అమెరికాలో ఎడ్వర్డ్ లోరెంజ్ కంప్యూటర్ మీద ఒక చిన్న నమూనా వాతావరణాన్ని నడుపుతున్నాడు. ముందు చేసిన లెక్కనే మధ్యలో నుంచి మళ్లీ మొదలుపెడుతూ, లోపల 0.506127 అని ఉన్న అంకెను కాగితం మీద అచ్చయినట్టు 0.506 అని వేశాడు. తేడా వెయ్యిలో ఒక వంతు కూడా లేదు. కాసేపు రెండు లెక్కలూ కలిసి నడిచాయి, తర్వాత విడిపోయాయి. నమూనాలో రెండు నెలలు గడిచేసరికి ఒక వాతావరణానికీ ఇంకోదానికీ పోలికే లేదు. నియమాలన్నీ తెలుసు, యంత్రం తప్పు చెయ్యలేదు. మొదట్లో ఉన్న ఆ చిన్న తేడాయే పెరిగి పెద్దదైంది. 1963లో ఆయన దాన్ని వ్యాసంగా రాశాడు. ఇవాళ్టి లెక్కన ఏ రోజు ఎక్కడ వాన అని విడిగా చెప్పడానికి రెండు వారాలకు అటూ ఇటూగా గీత ఉంది. ఎన్ని రాడార్లు పెట్టినా ఆ గీతను ఎంతో దూరం జరపలేం.

నేను క్లాసులో పిల్లలకు తెలియకపోవడం మూడు రకాలని చెప్పేవాడిని. ఒకటి, ఇంకా తెలుసుకోనిది. రాడారు పెడితే, సముద్రంలో బోయాలు (నీటి మీద తేలుతూ కొలిచే పరికరాలు) పెంచితే తెలుస్తుంది. దీనికి బడ్జెట్ కావాలి, ఓపిక కావాలి. రెండోది, ఒక గీత దాటాక తెలుసుకోవడం కుదరనిది. తుపానును రోజుల ముందు పసిగడతాం, ఉరుముల మబ్బును గంటల ముందు, పిడుగును నిమిషాల ముందు. భూకంపం ఏ రోజు వస్తుందో అసలు చెప్పలేం. ప్రకృతిలో ఒక్కోదానికి ఒక్కో గీత. మూడోది, తెలియదని కూడా తెలియనిది. మా తాతది అదే.

మూడో రకానికి మా తాత ఒక్కడే కాదు, శాస్త్రవేత్తలూ బాధితులే. 1993 సెప్టెంబరు 30 తెల్లవారుజామున మహారాష్ట్రలో కిల్లారి కదిలింది. దక్కన్ పీఠభూమి గట్టి నేల, అక్కడ భూకంపం రాదని అప్పటి దాకా నమ్మకం. భూకంప మ్యాపులో ఆ ప్రాంతం అన్నింటికన్నా తక్కువ ప్రమాదం ఉన్న ఒకటో జోన్‌లో ఉంది. దాదాపు పది వేల మంది మట్టి గోడల కింద, రాళ్ల కింద పడి చనిపోయారు. 2002లో మ్యాపు మార్చినప్పుడు ఆ ఒకటో జోనే తీసేశారు. దేశంలో ఏ ప్రమాదమూ లేని నేల లేదని ఒప్పుకోవడమే అది. ఆ ఒప్పుకోలును నేను చాలా గొప్పగా చూస్తాను. ఇలాంటి మాట మాకు రోజూ కావాలి.

ఈ మాట లేకపోవడం వల్ల మామూలు జనానికి ఏం జరుగుతోందో వరసగా చెబుతాను.

1. కోతల రైతు. పైన చెప్పాను. కౌలు రైతుకు ఇది ఇంకా కష్టం. పంట పోయినా కౌలు బస్తాలు కొలవాలి. మొలకెత్తిన ధాన్యం, రంగు మారిన ధాన్యం ఎవరూ కొనరు. తేమ పదిహేడు శాతం దాటితేనే కొనుగోలు కేంద్రంలో పేచీ, ఇక మొలకల సంగతి చెప్పేదేముంది.

2. భయపడి కోసినవాళ్లు. దీని గురించి ఎవరూ మాట్లాడరు. తుపాను మనమీదికే అని రెండు రోజులు టీవీలో ఒకే గీత గీసి చూపిస్తారు. గింజ ఇంకా పాలు తీసి గట్టిపడకుండానే పచ్చి మీద కోసేస్తారు. మిషన్ అద్దె గంటకు రెట్టింపవుతుంది. తుపాను పక్క జిల్లాకు పోతుంది. వాన పడదు, కానీ పంట బరువు తగ్గి, తేమ ఎక్కువై, వచ్చిన ధరకు తెగనమ్ముకోవాలి. అది ఏ నష్టపరిహారం జాబితాలోనూ ఉండదు, ఎందుకంటే విపత్తు రాలేదు కదా. ఆ మరుసటి ఏడు నిజంగా వస్తుందంటే ‘పోయినేడూ ఇలాగే అన్నారు’ అంటారు. నాకు అన్నింటికన్నా టెన్షన్ పెట్టేది ఈ మాటే. 1977 మధ్యాహ్నం మా తాత మాట నాకు దానిలో వినిపిస్తుంది.

3. వేటకు పోయేవాళ్లు. నాగాయలంక వైపు బోటు ఒడ్డున ఉన్న ప్రతి రోజూ ఇంట్లో పొయ్యి మీద లెక్క పడుతుంది. హెచ్చరిక అంటే వాళ్లు వింటారు, బోటు కట్టేస్తారు. కానీ ‘సముద్రం అల్లకల్లోలంగా ఉండొచ్చు’ అనే మాట తేలిక గాలికీ అదే, పెద్ద గాలికీ అదే అయితే వాళ్లు ఏం తేల్చుకోవాలి?

4. సగటుల వెనక మునిగిన ఊళ్లు. 2009లో దేశమంతటా కలిపి వానలు మామూలులో 96 శాతం ఉంటాయని ఏప్రిల్‌లో చెప్పారు. 78 శాతమే పడ్డాయి. కరువు సంవత్సరం. ఆ కరువు ఏడాదిలోనే అక్టోబరు మొదట్లో శ్రీశైలానికి పాతిక లక్షల క్యూసెక్కుల వరద వచ్చింది, ఆ డ్యాము అంత వరదను లెక్కలోకి తీసుకుని కట్టింది కాదు. కర్నూలు మునిగింది. దేశం సగటు కరువు, కర్నూలు వీధిలో ఒక అంతస్తు నీళ్లు. 2024 సెప్టెంబరు మొదట్లో ప్రకాశం బ్యారేజీకి 11.43 లక్షల క్యూసెక్కులు వచ్చి పాత రికార్డు పోయింది. అదే సమయంలో విజయవాడను ముంచింది మాత్రం పక్కనున్న బుడమేరు. ఇలాంటి వరదలు వచ్చినప్పుడల్లా ‘వందేళ్లకోసారి వచ్చే వరద’ అంటారు. వచ్చింది కదా, ఇక మన జీవితంలో రాదులే అని జనం అదే చోట మళ్లీ ఇల్లు కట్టుకుంటారు. ఆ మాటకు అసలు అర్థం, ఏ ఏడాదికి ఆ ఏడాది నూటికి ఒకటో వంతు అవకాశం ఉందని. ముప్పై ఏళ్లు ఆ ఇంట్లో ఉంటే ఒక్కసారైనా అంత వరద చూసే అవకాశం నాలుగింట ఒకటి కన్నా కాస్త ఎక్కువే. బ్యాంకు లోను పెట్టి ఇల్లు కట్టుకునేవాడికి ఈ లెక్క ఎవరు చెబుతారు? అది కూడా పాత వానల లెక్క. వానలు మారుతున్నాయి కాబట్టి ఆ లెక్క మీద కూడా పూర్తి భరోసా లేదని చెప్పాలి.

5. భూకంపం తర్వాతి రాత్రి. 2024 డిసెంబరు 4న ములుగు దగ్గర 5.3 తీవ్రతతో భూమి కదిలితే తెలంగాణలోనూ మా కృష్ణా జిల్లాలోనూ తెలిసింది. ఆ రాత్రి మళ్లీ వస్తుందా అని నాకు ఎన్ని ఫోన్లో. ‘తెలియదు, ఎవరికీ తెలియదు. పగుళ్లున్న గోడ పక్కన పడుకోవద్దు’ అని చెప్పాను. వాళ్లు కంగారు పడలేదు. మంచం జరుపుకుని పడుకున్నారు.

ఐదోదాని మీద ఇంకొంచెం చెప్పాలి, ఎందుకంటే ‘తెలియదంటే జనం భయపడిపోతారు’ అని ఒక అధికారి నాతో అన్నారు. ఇటలీలో లాక్విలా ఊళ్లో 2009లో నెలల తరబడి చిన్న చిన్న ప్రకంపనలు వచ్చాయి. జనం బెదిరిపోతుంటే, ప్రమాదమేమీ లేదని ఒక అధికారి టీవీలో ధైర్యం చెప్పాడు. వారం తిరగకముందే, ఏప్రిల్ 6న పెద్ద భూకంపం వచ్చింది. 309 మంది పోయారు. ప్రకంపన తెలిస్తే రాత్రి ఆరుబయట పడుకోవడం అక్కడివాళ్లకు పాత అలవాటు. ఆ భరోసా విని ఇళ్లలోనే ఉండిపోయామని బతికినవాళ్లు చెప్పుకున్నారు. 2012లో ఆరుగురు శాస్త్రవేత్తలకూ ఆ అధికారికీ జైలుశిక్ష వేశారు. 2014లో శాస్త్రవేత్తలను విడిచిపెట్టారు, అధికారికి శిక్ష తగ్గించి ఉంచారు. శాస్త్రవేత్తలను జైల్లో పెట్టడం అన్యాయమని నేనూ నమ్ముతాను. చెప్పలేనిదాన్ని చెప్పలేదని ఎవరినీ శిక్షించకూడదు. కానీ తెలియనిచోట తెలిసినట్టు ధైర్యం చెప్పడం వేరు. దాని బరువు మోసేది ఇంట్లో పడుకున్న మనిషి.

జనం భయపడిపోతారని నాతో అన్న అధికారే ఇంకో మాట కూడా అన్నారు. శాతాలు, అవకాశాలు రైతులకు అర్థం కావని. అయ్యా, వరి విత్తనాల బస్తా మీద మొలక శాతం చూడకుండా మా ఊళ్లో ఎవరూ కొనరు. ఎనభై అని ఉంటే నూరు గింజల్లో ఇరవై మొలవకపోవచ్చని తెలుసు, అందుకే నారుమడిలో నాలుగు గింజలు ఎక్కువ చల్లుతారు. పాలకేంద్రంలో వెన్న శాతం మీద డబ్బు తీసుకుంటారు. ధాన్యం తేమ శాతం మీద బేరమాడతారు. వాన శాతం ఒక్కటే ఎందుకు అర్థం కాదు? ‘ఇలాంటి రోజులు పది ఉంటే నాలుగు రోజులు వాన పడింది’ అని చెప్పి చూడండి. కోయాలో ఆగాలో రైతే తేల్చుకుంటాడు. అప్పు ఎంత ఉంది, కూలీలు రేపు దొరుకుతారా, కుప్ప వెయ్యడానికి మెరక ఉందా అనేది మీకు తెలియదు, అతనికి తెలుసు.

నిజానికి మీ దగ్గర ఈ లెక్కలన్నీ ఇప్పటికే ఉన్నాయి. ‘ఒకటి రెండు చోట్ల’ అంటే నాలుగోవంతు కేంద్రాల లోపు, ‘కొన్ని చోట్ల’ అంటే సగం లోపు, ‘చాలా చోట్ల’ అంటే ముప్పావు వంతు లోపు. ‘భారీ వర్షం’ అంటే ఒక రోజులో 64.5 మిల్లీమీటర్ల నుంచి, ‘అతి భారీ’ అంటే 115.6 నుంచి, ‘అత్యంత భారీ’ అంటే 204.5 నుంచి. తుపాను దారి చుట్టూ ఇంత మేర తేడా రావచ్చని గరాటులా వెడల్పయ్యే ఆకారాన్ని 2009 నుంచి మీరే మ్యాపులో గీస్తున్నారు. ఇవన్నీ కొలతలున్న మాటలని నేను సైన్సు టీచర్నై ఉండీ చాలా ఏళ్లు ఎరగను. ఉత్త మాటలే అనుకున్నాను. వినేవాళ్లు అందరూ అలాగే అనుకుంటున్నారు.

అందుకని ఇవి అడుగుతున్నాను.

1. మండలానికి పంపే ప్రతి వాన సూచనలో అవకాశం ఎంతో పదింట ఎన్ని అని తెలుగులో రాయండి. మొదటి రెండు రోజుల మాటకూ ఐదో రోజు మాటకూ ఒకే బరువు ఇవ్వకండి.

2. అసలు బులెటిన్‌లో ఉన్న అనుమానపు మాటను తెలుగులోకి మార్చేటప్పుడు, మెసేజ్ కుదించేటప్పుడు తీసెయ్యకూడదని లిఖితంగా ఉత్తర్వు ఇవ్వండి. చోటు చాలకపోతే వేరే మాట తీసెయ్యండి.

3. తుపాను దారిని ఒంటి గీతగా చూపించవద్దని చానెళ్లకు చెప్పండి. సంపాదకులారా, ఇది మీకు నా విన్నపం. తేడా రాగల మేర అంతా చూపండి, తీరం దాటే చోటుకు కుడి పక్కన ఉప్పెన ముప్పు ఎక్కువని ప్రతిసారీ చెప్పండి.

4. ప్రతి సీజను అయ్యాక, మా మండలానికి మీరు ఏం చెప్పారు, ఏం జరిగింది అనే పట్టికను రైతు సేవా కేంద్రంలో అంటించండి. తప్పులు కనిపిస్తే మేం తిట్టుకుంటామని భయపడకండి. ఎన్నిసార్లు తప్పిందో తెలిస్తేనే ఎంత నమ్మాలో తెలుస్తుంది.

5. ‘వందేళ్లకోసారి’ అనే మాట వాడటం ఆపండి. వాడితే పక్కనే ముప్పై ఏళ్ల లెక్క చెప్పండి.

6. భూకంపం వచ్చిన రోజు ఎవరూ తేదీలు చెప్పలేరని, మళ్లీ రాదని కూడా ఎవరూ చెప్పలేరని రెండూ కలిపి చెప్పండి. ఆ వెంటనే ఏం చెయ్యాలో చెప్పండి.

7. తెలియదని నిజాయతీగా రాసిన శాస్త్రవేత్తను, అంచనా తప్పినందుకు అధికారులు గానీ నాయకులు గానీ నిలదీయకూడదు. ఇది మీ తరఫున మేం అడిగేది. నిలదీస్తారనే భయం ఉన్నంతకాలం ఆ మాట బయటికి రాదు.

చదివే రైతు సోదరులకు, అక్కలకు, చెల్లెళ్లకు కూడా ఒక మాట. పదింట మూడు అని చెప్పినరోజు వాన పడితే ‘తప్పు చెప్పారు’ అనకండి. ఆ మూడులో ఇదొకటి. వాళ్లు నిజం చెప్పడం మొదలుపెట్టాక మనం దాన్ని తిట్టి మళ్లీ మూయించకూడదు.

వచ్చే సోమవారం నాలుగోసారి గ్రీవెన్స్‌కు వస్తాను. ఈసారి అర్జీతోపాటు ఒక నోటుపుస్తకం తెస్తున్నాను. స్కూల్లో పిల్లలతో చేయించిన వానమాపకం మా పెరట్లోనే ఉంది. రోజూ పొద్దున ఎనిమిదిన్నరకు కొలిచి, ముందురోజు ఫోన్‌కు వచ్చిన సూచన పక్కన రాసిపెట్టాను. కావాలంటే కాపీ తీసుకుని ఇవ్వండి, పుస్తకం మాత్రం నాకు కావాలి.

మా రైతు సేవా కేంద్రం గోడకు ఒక నల్లబల్ల ఉంది. అక్కడి కుర్రాళ్ల అనుమతితో దాని మీద మూడు గళ్లు గీశాను. మొదటి గడిలో ‘ఏం చెప్పారు’, రెండో గడిలో ‘ఏం పడింది’. ఈ రెండూ నేనే రోజూ నింపుతున్నాను. మూడో గడి పైన ‘ఎంత నమ్మకంతో చెప్పారు’ అని రాసి ఉంది. అది నింపాల్సింది మీరు. ఇవాళ్టికి ఖాళీగానే ఉంది.

ఇట్లు,
దివిసీమ నుంచి ఒక రిటైర్డ్ సైన్స్ టీచరు, రెండెకరాల రైతు